బాలనాగమ్మను వ్రతం కాపాడకపోతే?

(మార్కాపురంలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో నేను సినిమా గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వారు. పలకల ఫ్యాక్టరీలో కూలి గురించి, తాగే నీళ్ల గురించి మాట్లాడుకోవలసిన చోట బాలనాగమ్మ ఏమిటి, మాయల ఫకీరు ఏమిటి అన్నారు. అయినా పట్టుబట్టి ఈ అరగంట అడిగి తీసుకున్నాను. దానికి కారణం ఉంది.

కిందటి నెలలో మన దగ్గరకు ఒక అమ్మాయి వచ్చింది. ఊరు చెప్పను, పేరు చెప్పను. పని ఇప్పిస్తామని తీసుకుపోయి వేరే రాష్ట్రంలో ఒక ఇంట్లో పదకొండు నెలలు పెట్టి తాళం వేశారు. ఎట్లాగో తప్పించుకుని రైలెక్కి మార్కాపూర్ రోడ్డు స్టేషన్లో దిగింది. అత్తగారి ఊరికి పోతే గడప బయటే నిలబెట్టి ఒక ప్రశ్న వేశారు. ఏం తిన్నావు, ఎట్లా వచ్చావు, దెబ్బలేమైనా తగిలాయా అని కాదు. ఆ ప్రశ్న ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఆడవాళ్లందరికీ తెలుసు.

ఆ అమ్మాయి ఎదురుగా కూర్చున్నప్పుడు నాకు బాలనాగమ్మ కథ గుర్తొచ్చింది. ఈ ప్రశ్న వెయ్యడం మనకెవరు నేర్పారు? బడిలో నేర్పలేదు. చట్టం నేర్పలేదు. చిన్నప్పటినుంచీ కథల్లో, నాటకాల్లో, సినిమాల్లో విని విని మనకు ఒంటబట్టింది. అందుకే ఈవాళ దాని గురించి మాట్లాడతాను.

ఇక్కడున్న పెద్దవాళ్లకు ఈ కథ చెప్పనవసరం లేదు. జంగాలు తంబుర మీటుతూ, పక్కన ఇద్దరు డక్కీలు వాయిస్తూ తెల్లవార్లూ చెప్పేవాళ్లు. సురభి వాళ్లు డేరా వేసి నాటకంగా ఆడారు. సినిమా వచ్చాక అందరికంటే ముందు సినిమా వాళ్లు ఎత్తుకున్న కథల్లో ఇదొకటి. 1942లో మద్రాసులో జెమినీ సంస్థ ఎస్.ఎస్. వాసన్ ఈ సినిమా తీశారు. దర్శకుడు సి. పుల్లయ్య. మాటలు రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం. బాలనాగమ్మగా కాంచనమాల, మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు, సంగుగా పుష్పవల్లి నటించారు. అదే ఏడు ‘శాంత బాలనాగమ్మ’ అని ఇంకో సినిమా కూడా వచ్చింది. ఒకే కథను ఒకే ఏడాదిలో ఇద్దరు తీశారంటే జనంలో దానికెంత పట్టు ఉందో చూడండి. 1959లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో ఎన్.టి. రామారావు, అంజలీదేవి, ఎస్.వి. రంగారావులతో మళ్లీ తీశారు. మన ఊళ్లకు టూరింగు టాకీసుల్లో వచ్చింది ఇదే.

చిన్నపిల్లలు ఇక్కడ కూర్చున్నారు కాబట్టి కథ రెండు మాటల్లో చెబుతాను. నవభోజరాజుకు ఏడుగురు కూతుళ్లు. తల్లి చనిపోయింది. తండ్రి మాణిక్యాలదేవిని తెచ్చుకున్నాడు. ఆమె మాట విని ఏడుగురు ఆడపిల్లల్నీ అడవిలో వదిలేశాడు. ఇంకో రాజు చేరదీసి తన ఏడుగురు కొడుకులకూ వాళ్లను చేసుకున్నాడు. అందరికంటే చిన్నది బాలనాగమ్మ. భర్త కార్యవర్ధి. చంటిపిల్లవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఉన్న సమయంలో మాయల ఫకీరు భిక్షకని వచ్చి, ఆమెను కుక్కగా మార్చి తన గుహకు తీసుకుపోయాడు. వెతుక్కుంటూ వెళ్లిన భర్తను, బావలను రాళ్లుగా మార్చేశాడు. నన్ను చేసుకో అని ఫకీరు అడిగితే, నాకు వ్రతం ఉంది, అది తీరేదాకా ముట్టుకోవద్దు అన్నది బాలనాగమ్మ. ఆ వ్రతం పన్నెండేళ్లని కొందరు, పద్నాలుగేళ్లని కొందరు చెబుతారు. ఈలోగా ఇంటి దగ్గర వదిలేసిన పిల్లవాడు బాలవర్ధి పెద్దవాడయ్యాడు. ఫకీరు ప్రాణం ఎక్కడో సముద్రాల అవతల చిలకలో ఉందని తెలుసుకుని, ఆ చిలకను తెచ్చి, ఫకీరును చంపి, తల్లిని విడిపించాడు. రాళ్లయిన వాళ్లు మళ్లీ మనుషులయ్యారు. కథ కంచికి, మనం ఇంటికి.

నేను ఈ కథ మొదట విన్నది కంభం, గిద్దలూరు మధ్యన మా అవ్వగారి ఊళ్లో. శివరాత్రికి జంగాలు వచ్చారు. నాకు పదేళ్లుంటాయి. మా చిన్నమ్మ ఒళ్లో తలపెట్టుకుని విన్నాను. మా అమ్మకు వెనక పుట్టింది చిన్నమ్మ. 1972 కరువులో మా వైపు బావులన్నీ ఎండిపోతే మేస్త్రీ వెంబడి కూలికని పోయింది. భర్త కూడా పోదామనుకున్నాడు గాని, జ్వరమొచ్చి ఆగిపోయాడు. పనికి పోయిన ముఠా తిరిగి వచ్చింది, చిన్నమ్మ రాలేదు. మూడేళ్లకు వచ్చింది. ఆ మూడేళ్లూ ఎక్కడుందో పెద్దవాళ్లు మా ముందు మాట్లాడేవాళ్లు కాదు. ఎవరో ఎక్కడో ఒక ఇంట్లో ఉంచేశారని మాత్రం మాకు తెలుసు. నేను కథ విన్న శివరాత్రికి ఆమె వచ్చి అయిదారు నెలలయ్యుంటుంది. అత్తగారింట్లో కాదు, మా అవ్వ వాళ్ల ఇంటి వెనక చుట్టుగుడిసెలో ఉండేది. ఎందుకని ఎవరూ నాకు చెప్పలేదు.

ఆ రాత్రి కథలో వ్రతం మాట వచ్చినప్పుడు జనమంతా చేతులు జోడించారు. మా అవ్వ కళ్లు తుడుచుకుంది. నేను తలెత్తి చూస్తే చిన్నమ్మ జంగాల వైపు చూడ్డం లేదు. చీకట్లోకి చూస్తోంది. నేను చిన్నదాన్ని, తెలియక అడిగాను: ‘చిన్నమ్మా, ఫకీరు వ్రతం మాట వినకపోతే బాలనాగమ్మ ఏం చేస్తది?’ ఆమె ఏమందో చివర చెబుతాను. ముందు కథను కొంచెం విప్పి చూద్దాం.

మొదటి సంగతి. ఈ కథలో ఆడపిల్లల మీద మొదట దౌర్జన్యం చేసింది ఫకీరు కాదు. కన్న తండ్రి. ఏడుగురు బిడ్డల్ని అడవిలో వదిలిపెట్టింది ఆయనే. కాని మనకు ఆయన మీద కోపం రాదు. సవతి తల్లి మాయలో పడ్డాడులే పాపం అనుకుంటాం. తప్పు ఇంకో ఆడదాని మీదికి పోయింది. ఈవాళ్టికీ అంతే. భర్త కొడితే అత్త ఎగదోసింది అంటాం. అత్త ఎగదోయడం నిజమే కావచ్చు. చెయ్యి ఎత్తినవాడెవరు? ఆస్తి ఎవరిది, అధికారం ఎవరిది, పిల్లల్ని అడవికి పంపమని చెప్పగల నోరు ఎవరిది? ఈ లెక్క కథ చెప్పదు. మనం వేసుకోవాలి.

రెండో సంగతి, గీత. మా ఊళ్లో చెప్పిన కథలో గుమ్మం ముందు గీతలు గీసి, దాటొద్దని బాలనాగమ్మకు చెబుతారు. ఫకీరు గీత అవతలే నిలబడి భిక్ష అడుగుతాడు. ఆమె దాటుతుంది. వినేవాళ్లంతా అయ్యయ్యో దాటింది అంటారు. సీతమ్మ కథే ఇది అని మీకు తోచే ఉంటుంది. నిజానికి వాల్మీకి రామాయణంలో లక్ష్మణుడు గీత గీయడం లేదు. తర్వాత వచ్చిన కథల్లో చేరింది. మన తెలుగు రంగనాథ రామాయణంలో ఒక గీత కాదు, ఏడు గీతలు. కాలం గడిచేకొద్దీ ఆడదాని ముందు గీతలు పెరిగాయి గాని తగ్గలేదు. గీత వల్ల ఏమైంది? ఎత్తుకుపోయేవాడు ఆగాడా? ఆగలేదు. గీత పనికొచ్చింది ఒక్కదానికే, ‘నువ్వు దాటావు గదా’ అనడానికి. ఎత్తుకుపోయినవాడి నేరం కాస్తా ఎత్తుకుపోబడినదాని తప్పయింది. భిక్ష వెయ్యడం ఇల్లాలి ధర్మమని నేర్పింది వాళ్లే. వెయ్యడానికి బయటికొస్తే తప్పు పట్టిందీ వాళ్లే. కూలికి పోకపోతే పూట గడవదు, పోతే ‘ఎందుకు పోయావు’. మన ఫ్యాక్టరీల్లో పలకల మీద గీతలు ఎక్కించే పని మీరు చేసే ఉంటారు. గీసే చెయ్యి మనదైనా అక్కడ ఏ గీత ఎక్కడ పడాలో చెప్పేది మాత్రం ఇంకొకరు.

మూడో సంగతి. ఎత్తుకుపోయేవాడు ఎప్పుడూ పరాయివాడే. కథల్లో ఫకీరు. 1942 సినిమాలో మరాఠీ. ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు. వేరే మతం, వేరే భాష, వేరే దేశం. వేషం చూస్తేనే భయం వేస్తుంది. మన పిల్లలకు మనం నేర్పే జాగ్రత్త కూడా ఇదే, కొత్తవాళ్లతో మాట్లాడొద్దు అని. కాని జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వేసే లెక్కలు చూడండి. అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నేరస్థుడు ఆ మనిషికి ముందే తెలిసినవాడు. బంధువు, పొరుగువాడు, పని ఇచ్చేవాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు. మన అమ్మాయిని తీసుకుపోయింది కూడా ఊళ్లో అందరూ అన్నా అని పిలిచే మనిషే. గడ్డం పెంచుకుని కపాలం పట్టుకుని రాలేదు. జీపులో వచ్చి అడ్వాన్సు ఇచ్చాడు. మాయలవాడు ఎట్లా ఉంటాడో కథ మనకు తప్పుగా చూపించింది. ఒక మతం వాళ్లనో ఒక భాష వాళ్లనో అనుమానించడం మాత్రం బాగా నేర్పింది.

నాలుగో సంగతి, సంగు. ఫకీరు దగ్గర ఉండే ఆడమనిషి. 1942 సినిమాలో ఆ వేషం వేసిన పుష్పవల్లికి ఎంతో పేరొచ్చింది. జనం ఆమె ఆటపాటలు చూడ్డానికే మళ్లీ మళ్లీ పోయారంటారు. కాని ఒక్కరైనా అడిగారా, ఈ సంగు ఎవరి కూతురు, ఆ గుహకు ఎట్లా వచ్చింది, ఆమెను కూడా ఎప్పుడో కుక్కను చేసి తెచ్చారా అని? అడగరు. ఆమె వ్రతం పట్టలేదు కాబట్టి ఆమెకు గతం లేదు. బాలనాగమ్మ పతివ్రత, సంగు చెడ్డది. ఒకే గుహలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లను ఇట్లా విడదీశారు. ఒకరు ఇంటికి పోతారు. రెండో మనిషిని ఎవరూ తీసుకుపోవడానికి రారు.

ఇక అయిదో సంగతి, అసలు సంగతి. వ్రతం. నాకు ఈ కథలో అందరికంటే గొప్పగా కనబడేది బాలనాగమ్మ తెలివి. ఆలోచించండి. మనిషిని కుక్కగా, రాయిగా మార్చగలవాడి చేతిలో ఒంటరిగా ఉంది. కత్తి లేదు, మంత్రం లేదు. తిరగబడితే చస్తుంది. వాడు నమ్మే దేవుణ్ణి అడ్డం పెట్టి, వాడి మాటతోనే వాణ్ణి కట్టిపడేసి, ఏళ్ల తరబడి రోజొక గండంగా నెట్టుకొచ్చింది. కొడుకు ఒక్కసారి సముద్రం దాటి చిలకను తెచ్చాడు. తల్లి ప్రతి రాత్రీ ఒక సముద్రం దాటింది. కాని సినిమాలో సాహసం ఎవరిది? పిల్లవాడిది. చిలకను పట్టడం సాహసం. పన్నెండేళ్లు ప్రాణం నిలుపుకోవడం శీలం. మగవాడు చేస్తే వీరత్వం, ఆడది చేస్తే పాతివ్రత్యం. ఆమె ఉపాయాన్ని ఉపాయం అని కూడా అనరు. అదేదో దైవమహిమ అంటారు. మన ఇళ్లల్లో తాగొచ్చిన మొగుడికి అన్నం ముందు పెట్టి, పిల్లల్ని పక్కింటికి పంపి, ఆ పూట గడుపుకొచ్చే ఆడవాళ్లందరూ ఈ ఉపాయమే చేస్తున్నారు. దానికి పేరు లేదు. సహనం అంటారు.

కాంచనమాల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’లో హరిజన పిల్లగా, 1939లో ‘వందేమాతరం’లో నాగయ్య పక్కన నటించి పేరు తెచ్చుకున్న మనిషి. బాలనాగమ్మ ఘనవిజయం సాధించింది. ఆ తర్వాత ఆమె తెరమీద కనబడటం దాదాపు ఆగిపోయింది. నిర్మాణ సంస్థతో ఒప్పందం దగ్గర తగాదా వచ్చి వేరే సినిమాలు చెయ్యడానికి వీల్లేకపోయిందనీ, ఆ దిగులుతో మతి చలించిందనీ సినిమా చరిత్ర రాసినవాళ్లు రాశారు. ఇరవై ఏళ్ల తర్వాత 1963లో ‘నర్తనశాల’లో చిన్న వేషం వేసింది. 1981లో మద్రాసులో చనిపోయింది. తెరమీద గుహలోంచి విడుదలైన బాలనాగమ్మను చూసి ఊళ్లకు ఊళ్లు చప్పట్లు కొట్టాయి. వేషం వేసిన మనిషికి కాగితం మీద సంతకమే గుహ అయింది. ఆమె కోసం చిలకను వెతికినవాళ్లు లేరు.

ఇప్పుడు నా పదేళ్ల వయసు ప్రశ్నకు వద్దాం. వ్రతం కాపాడకపోతే?

కథ ఈ ప్రశ్న పుట్టనివ్వదు. వ్రతం ఉంది కాబట్టి బాలనాగమ్మ ఇంటికి పోవచ్చు. లేకపోతే? కథ దగ్గర జవాబు లేదు. అంటే ఇంటికి పోయే హక్కు ఆమెకు లేదు, ఆమె శీలానికి ఉంది. మనం చేతులు జోడించేది ఆమె బతికి వచ్చినందుకు కాదు, ఎవరూ ముట్టుకోకుండా వచ్చినందుకు.

ఇది కథలకే పరిమితమైతే నేను ఇంత మాట్లాడను. సినిమా వచ్చిన అయిదేళ్లకే, 1947లో, దేశం రెండు ముక్కలైంది. పంజాబులో అటూ ఇటూ వేల మంది ఆడవాళ్లను ఎత్తుకుపోయారు. ప్రభుత్వాలు వెతికించి తీసుకొచ్చాయి. 1949లో దీనికొక చట్టం కూడా చేశారు. తీరా తీసుకొస్తే ఎంతోమంది తండ్రులు, భర్తలు మాకొద్దన్నారు. వాళ్లను చేర్చుకోండి, వాళ్ల తప్పేమీ లేదు అని గాంధీ, నెహ్రూ బహిరంగంగా చెప్పుకోవలసి వచ్చింది. ఇంకోవైపు, వెళ్లనంటున్న ఆడవాళ్లను కూడా వాళ్ల ఇష్టం అడక్కుండా పట్టి తెచ్చారు. ఎవరు చెప్పిన మాటా ఆ ఆడవాళ్లు చెప్పిన మాట కాదు.

మన రాష్ట్రంలో 1978. హైదరాబాదులో రమీజాబీ. పోలీసుస్టేషన్లో ఆమె మీద అత్యాచారం జరిగింది. ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ను కొట్టి చంపారు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులదే నేరమని తేల్చింది. ఆ విచారణలో ఎదుటి లాయర్లు చేసిన వాదన ఏమిటి? అత్యాచారం జరగలేదని మాత్రమే కాదు, ఆమె ఎలాంటిది అని. ఎన్ని పెళ్లిళ్లు చేసుకుంది, ఎట్లా బతికింది అని. కేసు రాయచూరుకు బదిలీ అయ్యి, అక్కడ ముద్దాయిలు విడుదలయ్యారు. బాలనాగమ్మ వ్రతం అడిగిన నోరే కోర్టులో నల్లకోటు వేసుకుని వచ్చింది.

ఈ నోరు మూయించడానికి ఆడవాళ్లు ఎన్నేళ్లు కొట్లాడారో చూడండి. 1983లో అత్యాచార చట్టం మారింది. ఆమె నడవడి మంచిది కాదని చూపి సాక్ష్యాన్ని తోసిపుచ్చడానికి వీలిచ్చే నిబంధనను 2002 చివరగాని తీసెయ్యలేదు. ఆస్పత్రుల్లో వేళ్లతో చేసే పరీక్ష ఒకటుండేది, ఈమెకు అలవాటుందా లేదా అని చెప్పడానికి. అగ్నిప్రవేశానికి డాక్టరు సర్టిఫికేటు అన్నమాట. అది స్త్రీ గౌరవానికి భంగమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. అయినా ఆగకపోతే, చేసినవాళ్లు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టే అని 2022 అక్టోబరులో మళ్లీ చెప్పవలసి వచ్చింది. కోర్టు రెండుసార్లు వద్దన్న ప్రశ్నను మన గడప ముందు అత్తలు, మామలు, ఊరి పెద్దలు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

మా చిన్నమ్మను కూడా అడిగారు. అది నాకు పెద్దయ్యాక మా అమ్మ చెప్పింది. ఆమె తిరిగొచ్చిన వారానికి అత్తగారి ఊళ్లో పంచాయితీ పెట్టారు. మొగుడు మంచివాడే. తలవంచుకుని కూర్చున్నాడు. గుడి ముందు కర్పూరం వెలిగించి, నన్నెవరూ ముట్టుకోలేదు అని ప్రమాణం చేసి ఆర్పమన్నారు. ఆర్పితే ఇంట్లోకి రావచ్చు. అబద్ధం చెప్పి ఆర్పేసి రావే అని మా అవ్వ చెవిలో చెప్పిందట. చిన్నమ్మ కర్పూరం దగ్గరికి పోయి నిలబడి, చాలాసేపు చూసి, ‘నేను ఆర్పను’ అన్నది. అంతే. ఎందుకు ఆర్పనన్నదో చెప్పలేదు. వాళ్లు వాళ్లకు కావలసినట్టు అర్థం చేసుకున్నారు. ఆమె కొడుక్కి అప్పుడు నాలుగేళ్లు. వాణ్ణి వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు.

తర్వాత ఆమె మార్కాపురం వచ్చి పలకల పనిలో చేరింది. ఇరవై ఏళ్లు ఆ దుమ్ము పీల్చింది. దగ్గుతో పోయింది. కొడుకు రాలేదు. నేను ఇది వాణ్ణి నిందించడానికి చెప్పడం లేదు. వాడికి ఎవరూ వెతుక్కోమని చెప్పలేదు. బాలవర్ధి తల్లిని వెతుక్కుంటూ సముద్రాలు దాటాడు. మా చిన్నమ్మ కొడుకు పదిహేను మైళ్లు దాటి రాలేదు. మధ్యలో ఉన్నది సముద్రం కాదు, కర్పూరం బిళ్ల.

ఆ శివరాత్రి నా ప్రశ్నకు చిన్నమ్మ చెప్పిన జవాబు ఇది: ‘వింటే వినె, వినకుంటే మానె పాపా. ఆమె బతికొచ్చింది గదా. ఇంటికి రానీయొద్దూ?’

స్త్రీల హక్కుల మీద నేను చాలా పుస్తకాలు చదివాను, చాలా సభల్లో కూర్చున్నాను. ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పగా వినలేదు.

ఇప్పుడు మన దగ్గరకొచ్చిన అమ్మాయి సంగతి. ఆ కాలంలో చిన్నమ్మకు లేనివి కొన్ని ఈవాళ ఉన్నాయి. వాటిని మనం గట్టిగా పట్టుకోవాలి.

ఒకటి. 2005 గృహహింస చట్టం పదిహేడో సెక్షను ప్రకారం భార్యకు కాపురం ఉన్న ఇంట్లో ఉండే హక్కు ఉంది. ఇల్లు ఆమె పేరున ఉండనక్కరలేదు. మొగుడి పేరున లేకపోయినా, అత్తమామలదైనా, వాళ్లు కాపురముంటే అది ఉమ్మడి నివాసమే కావచ్చునని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదు చేసేనాటికి ఆమె ఆ ఇంట్లో ఉండకపోయినా ఈ హక్కు పోదని 2022 మేలో, ఒక వితంతువు వేసిన కేసులో, ఇంకా స్పష్టంగా చెప్పింది. అంటే పదకొండు నెలలు బయట ఉంది గదా అనే వాదన చెల్లదు. చట్టం ఆమెను వ్రతం అడగదు.

రెండు. పని పేరుతో తీసుకుపోయి తాళం పెట్టడం, అమ్మడం నేరాలు. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మనుషుల అక్రమ రవాణా అందులో 143వ సెక్షను. భర్త, అతని బంధువులు పెట్టే క్రూరత్వం, మనం ఇన్నాళ్లూ 498ఎ అని పిలుచుకున్నది, ఇప్పుడు 85వ సెక్షను. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసుస్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. మా పరిధి కాదు, అక్కడికే పొండి అంటే ఒప్పుకోవద్దు. ఎవరినైనా ఎక్కడైనా బంధించి ఉంచారని తెలిస్తే వెతికించమని మేజిస్ట్రేటును అడగవచ్చు. ఆ ఇంట్లో ఇంకా ముగ్గురు ఆడవాళ్లున్నారని ఈ అమ్మాయి చెబుతోంది. వాళ్లను మనం మరిచిపోకూడదు. సంగును గుహలో వదిలి రావడం మన పని కాదు.

మూడు. లాయరుకు డబ్బు లేదని ఆగవద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. ఆపదలో 181కి, 112కు ఫోను చెయ్యవచ్చు.

అయితే చట్టం కాగితం తెస్తుంది, పోలీసు తెస్తుంది. గడప దాటాక ఆ ఇంట్లో ఆమె ముఖం చూసి పలకరించేది మనుషులు. అది మన పని. అందుకని మీ అందరినీ మూడు పనులు చెయ్యమని అడుగుతున్నాను. వచ్చే ఆదివారం ఆ ఊరికి మనం పోదాం. ఇరవై మందైనా రావాలి. ఆమె అత్తగారితో తగాదా పడటానికి కాదు, ఆమె పక్కన కూర్చోవడానికి. ఊళ్లో పెద్దమనుషులు పంచాయితీ పెట్టి ప్రమాణం అడిగితే, ఆ అమ్మాయి చెప్పకముందే మనం చెబుదాం, ఆ ప్రశ్న ఇక్కడ అడగడానికి లేదని. ఇక మూడోది కష్టమైంది. మీ ఇంట్లో, మీ చెల్లెలి విషయంలో, మీ కోడలి విషయంలో ఈ ప్రశ్న మీ నోటి దాకా వస్తే మింగెయ్యండి. ఎందుకంటే గడప బయట నిలబెట్టింది మామ కాదు, అత్త. కర్పూరం ఆర్పమని చెవిలో చెప్పింది కూడా మా అవ్వే. ప్రేమతోనే చెప్పింది. ఆ ప్రేమలో కూడా భయం ఉంది.

చివరగా పిల్లలకు ఒక మాట. బాలనాగమ్మ సినిమా పాతదైనా ఇప్పటికీ దొరుకుతుంది. ఇంటికి పోయి చూడండి. నేను చూడొద్దని చెప్పడం లేదు. గోవిందరాజుల సుబ్బారావును చూసి భయపడండి, నవ్వండి, చిలక దొరికినప్పుడు చప్పట్లు కొట్టండి. కాని వ్రతం దగ్గరికి వచ్చినప్పుడు పక్కన కూర్చున్న అమ్మనో అవ్వనో ఒక్క ప్రశ్న అడగండి, నేను అడిగినట్టే. ఆమె ఏం చెబుతుందో వినండి. చెప్పకపోయినా, ఎటు చూస్తుందో చూడండి.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి బస్టాండులో కలుద్దాం. సెలవు.